పీట్ వాగుల గోధుమరంగు: కరిగి పోతున్న కర్బనం ఏ కాలంది?

ఉత్తర ఇంగ్లండ్‌లోని పెన్నైన్ కొండల మీద, వేల్స్, స్కాట్లండ్ ఎత్తుల్లో పుట్టే చాలా వాగుల నీళ్లు పల్చటి టీ డికాక్షన్ రంగులో ఉంటాయి. అది బురద కాదు. గోదావరి వరద నీళ్లను బిందెలో పట్టి చిల్లగింజ అరగదీసి కలిపితే మన్ను అడుగుకు దిగి పైన తేట నిలుస్తుంది. ఈ వాగు నీళ్లను ఎన్నాళ్లు కదలకుండా ఉంచినా రంగు దిగదు. ఆ రంగు తేలే రేణువులది కాదు, నీటిలో పూర్తిగా కరిగిపోయిన హ్యూమిక్ పదార్థాలది, అంటే మొక్కలు కుళ్లగా మిగిలే ముదురు రంగు పదార్థాలది. వాటిలో ఉన్న కర్బనాన్ని కరిగిన సేంద్రియ కర్బనం, పొట్టిగా డీఓసీ అంటారు.

1980ల చివర్లో క్రమం తప్పకుండా కొలవడం మొదలైనప్పటి నుంచి బ్రిటన్ ఎత్తు ప్రాంతాల వాగుల్లో, చెరువుల్లో ఈ డీఓసీ గాఢత పెరుగుతూ వచ్చింది. 2001లో వెలువడిన ఒక లెక్క ప్రకారం 12 ఏళ్లలో పెరుగుదల 65 శాతం. 1988 నుంచి 15 ఏళ్ల రికార్డు తీసుకున్న మరో లెక్కలో సగటున 91 శాతం. ఆ కొండల మీద వేల ఏళ్లుగా పేరుకున్న పీట్, అంటే సగం కుళ్లిన మొక్కల పొర, కరిగి కొట్టుకుపోతోందన్న భయం ఈ అంకెల నుంచే పుట్టింది. ఆ భయం సగమే నిజం. ఏ సగం నిజమో తేల్చాలంటే నీటి రంగు చాలదు. కర్బనం ఎంత పోతోంది, అది ఎప్పటిది అన్న రెండు ప్రశ్నలనూ విడివిడిగా అడగాలి.

పీట్ అంటే నీట నానిన చోట సగం కుళ్లి ఆగిపోయిన మొక్కల పొర. చల్లటి దేశాల్లో దీన్ని ఎక్కువగా స్ఫాగ్నమ్ నాచు పేరుస్తుంది. ఏడాదికి ఒక మిల్లీమీటరు పెరిగితే గొప్ప. భూమ్మీది నేల భాగంలో 3 శాతమే ఆక్రమించినా 500 నుంచి 600 బిలియన్ టన్నుల కర్బనం పీట్ నేలల్లో ఉందని అంచనా. మన దేశంలో నీలగిరుల షోలా లోయల్లో కొద్దిపాటి పీట్ ఉంది. తెలుగు నేల మీద చెప్పుకోదగ్గది లేదు కాబట్టి మనకు దీనికి సరైన పేరు కూడా లేదు, పీట్ అనే అందాం.

ఈ మొక్కల పదార్థం పూర్తిగా కుళ్లకుండా ఆగడానికి చలి, ఆమ్లత, ఆక్సిజన్ లేమి మూడూ కారణాలే. వేల్స్‌లోని బ్యాంగర్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్ ఫ్రీమన్ బృందం 2001లో మరో మెలిక చూపించింది. ఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైముకు పని చేయడానికి ఆక్సిజన్ కావాలి. నీట మునిగిన పీట్‌లో అది దొరకదు, అందువల్ల ఫినాలిక్ పదార్థాలు విరగకుండా పేరుకుపోతాయి. అవి పేరుకుంటే, ఆక్సిజన్ అవసరమే లేని ఇతర ఎంజైములు కూడా మొద్దుబారిపోతాయి. తలుపుకు గడియ పెట్టినట్టన్నమాట. నీటి మట్టం దిగి గాలి లోపలికి చొరబడితే గడియ ఊడుతుంది. మళ్లీ నీళ్లు నిండినా, ఆక్సిజన్ ఉన్న రోజుల్లో ఫినాలిక్ నిల్వ తరిగిపోయి ఉంటుంది కాబట్టి కుళ్లడం వెంటనే ఆగకపోవచ్చు.

ముందు కొలత సంగతి. ఈ రంగంలో తప్పుడు నిర్ణయాలు చాలావరకు అక్కడే పుడతాయి.

నమూనాను 0.45 మైక్రోమీటర్ల వడపోత పొర గుండా పోసి, కిందికి దిగిన దాన్నే కరిగినదిగా లెక్కిస్తారు. పొరను ముందుగా శుద్ధజలంతో, ఆ తర్వాత కొద్దిగా నమూనా నీటితోనే కడిగి ఆ నీళ్లు పారబోయాలి. లేకపోతే కొత్త పొర నుంచి ఊడివచ్చే కర్బనం కూడా లెక్కలోకి ఎక్కుతుంది. గాజునార పొరలు వాడితే 450 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చి వాడతారు. వడపోసిన నీటిని చీకట్లో 4 డిగ్రీల దగ్గర ఉంచి కొద్ది రోజుల్లోనే విశ్లేషించాలి. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 2 దాకా దించి, గాలి బుడగలు పంపి కార్బొనేట్ల కర్బనాన్ని వదిలించి, మిగిలిన దాన్ని 680 డిగ్రీల దగ్గర ప్లాటినం ఉత్ప్రేరకం మీద కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడును పరారుణ సెన్సర్ కొలుస్తుంది. ఖర్చు తగ్గించుకోవడానికి కొందరు 254 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత శోషణ చూసి డీఓసీని అంచనా కడతారు. ఇది మంచి పద్ధతే. అయితే ఇనుము కూడా అదే తరంగదైర్ఘ్యాన్ని పీల్చుకుంటుంది. పీట్ నీళ్లలో ఇనుము తక్కువేమీ ఉండదు. ఇనుమును విడిగా కొలిచి దిద్దకపోతే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

గాఢత తెలిసినంత మాత్రాన నష్టం తెలిసినట్టు కాదు. ఏడాదికి 1,200 మిల్లీమీటర్ల నీరు పారే 5 చదరపు కిలోమీటర్ల పరీవాహకాన్ని తీసుకుందాం. చదరపు మీటరుకు 1,200 లీటర్లు, లీటరుకు సగటున 20 మిల్లీగ్రాముల డీఓసీ అనుకుంటే ఏటా చదరపు మీటరుకు 24 గ్రాముల కర్బనం పోతుంది. మొత్తం 120 టన్నులు. వాన ఎక్కువ పడిన ఏడు గాఢత మారకపోయినా నష్టం పెరుగుతుంది. పొడి ఏడు గాఢత పెరిగినా మొత్తం తగ్గొచ్చు. వారానికోసారి సీసా ముంచి తెచ్చే పద్ధతిలో తుఫాను రోజులు జారిపోతాయి, ఏడాది ప్రవాహంలో పెద్ద భాగం వెళ్లేది ఆ కొద్ది రోజుల్లోనే. ఇంకో చిక్కు కూడా ఉంది. పరీవాహకమంతా పీటే అయితే పెద్ద వానకు డీఓసీ పలచబడుతుంది. పైన పలచటి సేంద్రియ పొర, కింద ఖనిజ మట్టి ఉన్న చోట అదే వానకు గాఢత ఎగబాకుతుంది, ఎందుకంటే వాన ఉన్నప్పుడే నీరు పై పొరల గుండా పారుతుంది. ఒక వాగు సూత్రాన్ని పక్క వాగుకు అంటగడితే ఏడాది లెక్క ఎటైనా పోవచ్చు.

నష్టం అన్న మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. ఆరోగ్యంగా ఉన్న పీట్ నేల కూడా డీఓసీని వదులుతుంది. కెనడాలో ఒటావా దగ్గరి మేర్ బ్లూ బాగ్ (పీట్ పేరుకున్న చిత్తడి నేల) మీద ఆరేళ్లు కొలిచి 2007లో ప్రచురించిన పద్దులో, గాలి నుంచి నికరంగా పీల్చుకున్నది ఏటా చదరపు మీటరుకు సగటున 40.2 గ్రాముల కర్బనం. మీథేన్‌గా పోయింది 3.7 గ్రాములు. వాగు పట్టుకుపోయింది 14.9 గ్రాములు. నేలకు దక్కింది 21.5 గ్రాములు. రాబడిలో మూడో వంతుకు మించి నీళ్లలోనే పోతున్నా ఖాతా లాభంలోనే ఉంది. గాలిలోకి పోయే వాయువులను మాత్రమే కొలిచి వాగును వదిలేసిన వాళ్లకు ఈ లాభం దాదాపు రెట్టింపుగా కనిపిస్తుంది.

ఇక బ్రిటన్ పెరుగుదలకు కారణం. మొదట అనుమానం వాతావరణం వేడెక్కడం మీదికి పోయింది. వేడికి కుళ్లడం పెరుగుతుంది, నిజమే. కానీ అంకెలు కలవవు. 10 డిగ్రీలు పెరిగితే ఉత్పత్తి రెట్టింపవుతుందని ధారాళంగా అనుకున్నా, ఒక్క డిగ్రీకి వచ్చేది 7 శాతం. పెరిగింది 65, 91 శాతాలు. ఆ తర్వాత గాలిలో కార్బన్ డయాక్సైడు పెరిగి మొక్కలు వేళ్ల నుంచి ఎక్కువ కర్బనం వదులుతున్నాయన్న వాదన వచ్చింది. ప్రయోగశాలలో ఆ ప్రభావం కనిపించింది, కానీ దానికి వాడిన గాఢత నిజంగా గాలిలో పెరిగినదానికంటే చాలా ఎక్కువ.

2007లో పరిశోధకుడు డాన్ మాంటీత్, సహచరులు ఐరోపా, ఉత్తర అమెరికాల్లోని 522 చెరువులు, వాగుల 1990 నుంచి 2004 దాకా రికార్డులను ఒకచోట పేర్చారు. డీఓసీ ఎంత వేగంగా పెరిగిందన్నది గాలి నుంచి రాలే సల్ఫర్ ఎంత తగ్గిందన్న దానితో, సముద్రపు ఉప్పు తుంపరల మార్పుతో చాలావరకు సరిపోయింది. బొగ్గు పొగ నుంచి వచ్చిన సల్ఫర్ డయాక్సైడు వానలో సల్ఫ్యూరిక్ ఆమ్లమై దశాబ్దాల పాటు ఈ కొండల మీద కురిసింది. సల్ఫర్ పొగ తగ్గించాలన్న 1985 హెల్సింకి ఒప్పందం, దాని తర్వాతి ఒప్పందాలు, బొగ్గు వాడకం తగ్గడం, వీటివల్ల ఆ ఆమ్లం క్రమంగా ఆగింది.

ఆమ్లం తగ్గితే రంగు ఎందుకు పెరగాలి? పాలలో నిమ్మరసం పిండితే విరిగిపోతాయి. పాలలోని ప్రోటీన్ కణాల మీద ఉండే రుణావేశం ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వాటిని విడివిడిగా ఉంచుతుంది, ఆమ్లం ఆ ఆవేశాన్ని చంపేసరికి అవి ముద్దకడతాయి. హ్యూమిక్ అణువుల సంగతీ దాదాపు అంతే. వాటి కార్బాక్సిల్ కొసల నుంచి హైడ్రోజన్ అయాన్ ఊడిపోతే అణువు రుణావేశం పొంది నీటిలో కలుస్తుంది. ఆమ్ల వర్షం ఆ కొసలను మూసేస్తుంది. దానితోపాటు నీటిలోని మొత్తం అయాన్ల బలాన్ని పెంచుతుంది, ఖనిజ మట్టి ఉన్న చోట అల్యూమినియంను కదిపి హ్యూమిక్ అణువులకు అంటగడుతుంది. ఈ మూడూ కర్బనాన్ని నేలలోనే పట్టి ఉంచుతాయి. ఆమ్లం ఆగితే మూడూ సడలుతాయి. ఇది సహసంబంధం మాత్రమే కాదా అన్న సందేహాన్ని ప్రయోగం తీర్చింది. బ్రిటన్‌లో నాలుగు చోట్ల నాలుగేళ్లపాటు కొన్ని మళ్లకు ఆమ్లం, కొన్నిటికి క్షారం కలిపి చూశారు. ఆమ్లం పోసిన చోట డీఓసీ తగ్గింది, క్షారం పోసిన చోట పెరిగింది. ఫలితాలు 2012లో వచ్చాయి.

సముద్రపు ఉప్పుదీ ఇదే దారి. గాలివానకు ఎగిరివచ్చే ఉప్పులోని సోడియం నేలలోని హైడ్రోజన్ అయాన్లను నెట్టి బయటికి తెస్తుంది, నీరు కొద్దికాలం ఆమ్లమవుతుంది, డీఓసీ పడిపోతుంది. గాలివానలు ఎక్కువైన ఏడాది పశ్చిమ తీరం వాగుల్లో రంగు తగ్గితే అది నేల బాగుపడిన గుర్తు కాదు.

ఈ వివరణను ఒప్పుకుంటే 1988 నాటి అంకెను చూసే కన్నే మారాలి. కొలవడం మొదలుపెట్టిన నాటికే నేల ఆమ్లంలో మునిగి ఉంది. గ్రాఫు మొదటి చుక్క జబ్బు కాలానిది. దాన్ని ఆరోగ్యానికి ప్రమాణంగా పెట్టుకుని 91 శాతం పెరిగిందని బెంబేలెత్తడం, జ్వరంలో తగ్గిన బరువును సహజమనుకుని కోలుకున్నాక బరువు పెరిగిందని కంగారు పడటం లాంటిది. పరిశ్రమల యుగానికి ముందు ఈ వాగులు ఇప్పటిలాగే గోధుమరంగులో ఉండి ఉండాలన్నదే ఈ వాదన సారం.

కరువు దీన్ని కాస్త కలగాపులగం చేస్తుంది. పెన్నైన్‌లోని మూర్ హౌస్ పరిశోధన క్షేత్రంలో ఎండు వేసవుల్లో నీటి మట్టం దిగినప్పుడు, గడియ ఊడి డీఓసీ పెరగాల్సింది పోయి నేలనీటిలో తగ్గింది. కారణం పాత సల్ఫరే. పీట్ లోతుల్లో సల్ఫైడుగా దాగి ఉన్నది గాలి తగలగానే సల్ఫేటుగా మారి ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. కేరళ కుట్టనాడులోని కరి (నల్ల మట్టి) పొలాలు ఎండితే ఆమ్లం ఎక్కేది కూడా ఈ రసాయనంతోనే. వానలు మళ్లీ మొదలై సల్ఫేటు కడుక్కుపోయాక ఆపి ఉంచిన రంగంతా ఒక్కసారిగా దిగుతుంది. ఇలాంటి పీట్ వాగుల్లో మామూలుగా వేసవి చివర, శరదృతువు మొదట్లో గాఢత శిఖరానికి చేరుతుంది. కరువు తర్వాతి శరదృతువు మరీ కఠినం.

ఇప్పటిదాకా చెప్పింది గాలి నుంచి వచ్చిన కారణం, ప్రాంతమంతటికీ వర్తించేది. రెండోది మనిషి తవ్వింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1980ల దాకా బ్రిటన్‌లో గొర్రెల మేత బాగుపడుతుందని ప్రభుత్వ సబ్సిడీతో కొండ పీట్‌లో వేల కిలోమీటర్ల కాలువలు తీశారు. అక్కడివాళ్లు వీటిని గ్రిప్‌లంటారు. సుమారు అర మీటరు లోతు, వాలుకు అడ్డంగానో ఏటవాలుగానో వరసలు. మేత బాగుపడిందీ పెద్దగా లేదు. లోతు పీట్‌లో నీరు ఎంత మెల్లగా కదులుతుందంటే, కాలువ తవ్వినా నీటి మట్టం దిగేది చాలాచోట్ల దాని పక్క కొద్ది మీటర్లలోనే, అదీ ఎక్కువగా దిగువ వైపున. కానీ ఎండిన ఆ పట్టీలో పీట్ ముడుచుకుని పగుళ్లు, సొరంగాలు ఏర్పడతాయి. కొన్ని చోట్ల అర మీటరు కాలువ కోసుకుపోయి అడుగున రాయి తేలే గండి అయింది. అప్పుడు కరిగిన కర్బనం కంటే రేణువులుగా కొట్టుకుపోయే పీటే పెద్ద నష్టం. మాంచెస్టర్, షెఫీల్డ్ మధ్య పొగకు నాచు చచ్చి నేల బోడిపడిన దక్షిణ పెన్నైన్‌లో ఇదే జరిగింది. అక్కడ డీఓసీ ఒక్కటే కొలిచి నష్టం తేల్చడం సరికాదు.

ఎప్పటి కర్బనమో చెప్పేది రేడియోకార్బన్, అంటే కాలంతో మెల్లగా తరిగిపోయే కార్బన్-14. 1960ల మొదట్లో అణుపరీక్షలు గాలిలో కార్బన్-14ను ఒక్కసారిగా పెంచాయి, ఆ ముద్ర ఉంటే అది తాజా కర్బనం. బ్రిటన్, ఉత్తర ఐరోపా పీట్ వాగుల్లో, కాలువలు తవ్విన వాటిలో కూడా, డీఓసీ ఎక్కువగా ఇటీవలి దశాబ్దాల మొక్కల నుంచి వచ్చిందే. అంటే అక్కడ పోతున్నది ముఖ్యంగా ఈ మధ్య కూడబెట్టిన సొమ్ము.

ఇండోనేసియాలోని సెంట్రల్ కాలిమంతాన్‌లో కథ వేరు. 1990ల మధ్యలో మెగా రైస్ ప్రాజెక్టు పేరుతో సుమారు 10 లక్షల హెక్టార్ల చిత్తడి అడవిని వరి పొలాలుగా మార్చాలని 4,000 కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వారు. వరి పండలేదు, 1999లో పథకాన్ని వదిలేశారు, కాలువలు మాత్రం మిగిలాయి. అక్కడి నీళ్ల మీద 2013లో వచ్చిన అధ్యయనంలో, చెక్కుచెదరని సబాంగావు అడవి పరీవాహకంతో పోలిస్తే పాడైన చోట నదుల్లోకి పోయే సేంద్రియ కర్బనం సుమారు 50 శాతం ఎక్కువ. అడవి నీటిలో కర్బనం తాజాది. కాలువల నీటిలోది శతాబ్దాల నుంచి వేల ఏళ్ల నాటిది. ఇది మూలధనమే కరిగిపోవడం. రెండు చోట్లా నీళ్లు డికాక్షన్‌లాగే ఉంటాయి, కాలిమంతాన్‌లో ఇంకాస్త చిక్కగా.

వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ 2013 చిత్తడి నేలల అనుబంధం ఈ తేడాను కొంత పట్టుకుంది. సహజ పీట్ నుంచి హెక్టారుకు ఏటా పోయే డీఓసీ శీతల ప్రాంతాల్లో 0.08 టన్నులు, సమశీతోష్ణంలో 0.21, ఉష్ణమండలంలో 0.57 టన్నుల కర్బనం. కాలువలు తవ్వితే 60 శాతం పెరుగుతుందని, పోయినదాంట్లో 90 శాతం చివరికి కార్బన్ డయాక్సైడుగా గాలిలోకి చేరుతుందని లెక్క వేస్తుంది. ఉష్ణమండలానికి గుణిస్తే 0.82 టన్నులు. దేశస్థాయి పద్దుకు ఇది పనికొస్తుంది. ఒక్క కొండకో ఒక్క వాగుకో ఈ 60 శాతాన్ని వాగ్దానంగా రాసుకోకూడదు.

కాలువలు మూస్తే రంగు తగ్గుతుందని చెప్పి బ్రిటన్‌లో నీటి సంస్థల చేత డబ్బు పెట్టించారు. పని చేసే విధానం ఇది. బరువు నేల మీద పరుచుకునేలా వెడల్పు ట్రాకులున్న యంత్రంతో, కాలువ పక్కనే లోతు నుంచి తీసిన తడి, బాగా కుళ్లిన నల్ల పీట్‌తో అడ్డుకట్ట వేస్తారు. పైపైన దొరికే ఎండిన పీట్ వాడితే పగుళ్ల గుండా నీరు కారిపోతుంది, ఒకసారి ఎండిన పీట్ మళ్లీ సరిగ్గా తడవదు. కట్ట కొసలు రెండు వైపులా కదపని నేలలోకి చొచ్చుకుపోవాలి, లేకపోతే మొదటి పెద్ద వానకే నీరు పక్కనుంచి కోసుకుని కొత్త కాలువ చేసుకుంటుంది. కట్ట పైభాగం చుట్టూ ఉన్న నేల కంటే ఎత్తుగా ఉండి, నీరు దాని మీదుగా కాక, పక్కల నేల మీద పరుచుకుంటూ పొర్లాలి. దిగువ కట్ట దగ్గర నిలిచిన నీరు ఎగువ కట్ట మొదలును తాకేంత దూరంలో వరస పెడతారు. 4 శాతం వాలు మీద 40 సెంటీమీటర్ల కట్టలైతే 10 మీటర్లకొకటి. అడుగున రాయి తేలిన గండ్లలో పీట్ కట్ట నిలవదు, అక్కడ రాతి కట్టలే దిక్కు.

రంగు తగ్గిందా అంటే జవాబు ఒకటి కాదు. నేలనీటిలో డీఓసీ తక్కువగా కనిపించిన చోట్లున్నాయి. వేల్స్‌లోని మిగ్నైంట్ బాగ్‌లో కొన్ని కాలువలు మూసి, కొన్ని తెరిచి ఉంచి చేసిన ప్రయోగంలో గాఢతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మూసిన కాలువలో పారే నీరు తగ్గింది నిజమే, కానీ అది నేల మీదుగా పక్కదారి పట్టి పారింది. కాలువ దగ్గర మాత్రమే కొలిచినవాళ్లకు నష్టం తగ్గినట్టు కనిపిస్తుంది, కర్బనం ఇంకో తోవన వాగుకు చేరుతూనే ఉంటుంది. పైగా మూసిన తొలి ఏళ్లలో, ఎండిన కాలంలో పోగైన పదార్థం కడుక్కుపోతూ రంగు పెరిగే అవకాశం కూడా ఉంది. అడ్డుకట్టలు వేయడానికి కోత ఆపడం, నాచు తిరిగి రావడం లాంటి గట్టి కారణాలు చాలానే ఉన్నాయి. రెండేళ్లలో కుళాయి నీటి రంగు తగ్గిస్తామన్నది వాటిలో బలహీనమైన కారణం.

నీటి శుద్ధి కేంద్రాల తొందరకూ అర్థముంది. డీఓసీ ఉన్న నీటిలో క్లోరిన్ కలిపితే క్లోరోఫాం లాంటి ట్రైహాలోమీథేన్లు పుడతాయి, అవి ఆరోగ్యానికి చేటు చేయగలవు. బ్రిటన్‌లో వాటి మొత్తం లీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ఒక్కోదానికి విడివిడిగా హద్దు పెట్టింది, క్లోరోఫాంకు లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. కాబట్టి క్లోరిన్‌కు ముందే కర్బనాన్ని తీసేయాలి. దానికి పటికో ఫెర్రిక్ సల్ఫేటో వేసి గడ్డకట్టిస్తారు. పటికకు పీహెచ్ 6 దరిదాపుల్లో, ఫెర్రిక్‌కు 4.5 నుంచి 5 మధ్య పని బాగా సాగుతుంది. ఆమ్ల వర్షం కొండ మీద చేసిన పనినే ఇక్కడ తొట్టిలో కావాలని చేస్తారు. పీట్ నీళ్లలో క్షారత దాదాపు ఉండదు, అందువల్ల మోతాదు కాస్త ఎక్కువైనా పీహెచ్ జారిపోతుంది, సున్నం చేతిలో ఉండాలి. 254 నానోమీటర్ల దగ్గర మీటరుకు శోషణను డీఓసీతో భాగిస్తే, 90ని 20తో భాగించినప్పుడు వచ్చే 4.5 లాగా, 4కు పైన అంకె వస్తే ఆ కర్బనం గడ్డకట్టే రకమే. అదే 2 దగ్గరికి వస్తే పటిక ఎంత పోసినా పెద్దగా దిగదు, ఇంకో పద్ధతి వెతకాలి. ఆమ్లత తగ్గేకొద్దీ వాగుల్లోకి అదనంగా వస్తున్నది ఎక్కువగా ముదురు రంగు, పెద్ద అణువుల రకమే కాబట్టి అది దిగుతుంది. కానీ దానికి తగ్గట్టు మందు ఖర్చు, ఎత్తిపోయాల్సిన మడ్డి కూడా పెరుగుతాయి. శరదృతువులో కరువు తర్వాతి మొదటి వాన పడ్డ రోజు వేసవి మోతాదుతోనే నడిపిస్తే, కర్బనం కొంత తొట్టి దాటి క్లోరిన్ దగ్గరికే వచ్చేస్తుంది. అందుకే నిలకడగా నడిచే కేంద్రాల్లో మోతాదును క్యాలెండరు చూసి కాక, లోపలికి వచ్చే నీటి శోషణను నిమిషాల వ్యవధిలో చదివే పరికరం చూసి మారుస్తారు.